తాహా బాఖిర్: ప్రాచీన ఇరాఖ్ చరిత్రకు అంకితమైన జీవితం

గోదావరికి కుడివైపున, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలో జానంపేట అనే ఊరు ఉన్నది. ఆ ఊరి పరిసరాల్లోని అడవిలో పెద్ద పెద్ద బండలతో కట్టిన సమాధులు కనిపిస్తాయి. నాలుగు వైపుల నిలువు బండలు, పైన ఒక మహా బండ కప్పు, లోపల రాతి తొట్టి. కొన్నిటి దగ్గర రెండు చేతులు చాచిన మనిషిలా చెక్కిన నిలువు రాళ్ళు కూడా ఉన్నవి. ఇటువంటి సమాధులను తెలంగాణా పల్లెల్లో 'రాకాసి గుళ్ళు' అంటారు. ఇంత బరువైన రాళ్ళను మనుషులు ఎత్తలేరు గనుక రాక్షసులే ఎత్తి ఉంటారని జనం నమ్మకం. లోహయుగంలో, స్థూలంగా క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో, ఇక్కడ నివసించిన మనుషులు తమ వారి కోసం కట్టిన సమాధులివి అని పురావస్తు పరిశోధకులు నిర్ధారించినారు.

ఈ ప్రాంతపు సమాధులను గురించి తొలిరోజుల్లో రాసిన వారిలో విలియం కింగ్ ఒకరు. 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని కనుగొన్న భూగర్భ శాస్త్రవేత్త ఈయనే. మంగపేట దగ్గరి సమాధులను, శిలువ ఆకారపు రాళ్ళను గురించి ఆయన రాసిన వ్యాసం 1877లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన కనుగొన్న బొగ్గు సింగరేణి గనులై లక్షల కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆయన వర్ణించిన సమాధులను మాత్రం మన వాళ్ళు పట్టించుకోలేదు.

ఈ వ్యాసకర్త కొన్ని సంవత్సరాల క్రితం ఆ వైపు వెళ్ళినప్పుడు ఒక సమాధి కప్పు బండ పక్కకు తోసి ఉన్నది. లోపలి మట్టి తవ్వి బయట పోసి ఉన్నది. బంగారం ఉంటుందన్న ఆశతో ఎవరో చేసిన పని. కుండపెంకులు కాళ్ళ కింద నలుగుతున్నాయి. వెంట వచ్చిన మన సోదరుడొకరు, చదువుకున్నవారే, "ఇవన్నీ అజ్ఞాన కాలపు రాళ్ళు, వీటితో మనకేం పని?" అన్నారు. ఆ ప్రశ్నకు అక్కడ సరైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచించగా, అదే ప్రశ్నకు తన జీవితమంతా జవాబుగా చూపిన ఒక ముస్లిం విద్వాంసుడు జ్ఞాపకం వచ్చినాడు. ఆయన పేరు తాహా బాఖిర్. దేశం ఇరాఖ్. ఆయన జీవితాన్ని, కృషిని మన పాఠకులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

బాబిల్ ఇటుకల ఊరు

తాహా బాఖిర్ 1912లో ఇరాఖ్‌లోని హిల్లా పట్టణంలో జన్మించినారు. అప్పుడు ఇరాఖ్ ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. హిల్లా యూఫ్రటీస్ నది మీద ఉన్న ఊరు. దాని పక్కనే బాబిల్ శిథిలాలు. దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరాలో హారూత్, మారూత్‌ల ప్రస్తావనలో పేరుతో సహా పేర్కొన్న బాబిల్ నగరమే అది. హిల్లాను పన్నెండవ శతాబ్దం ఆరంభంలో మజ్యదీ వంశపు పాలకులు నిర్మించినప్పటి నుంచి, ఊరివాళ్ళు బాబిల్ దిబ్బలు తవ్వి ఆ ఇటుకలతో ఇళ్ళు కట్టుకుంటూ వచ్చినారు. నెబుకద్‌నెజర్ రాజు (క్రీ.పూ. 605–562) పేరు ముద్రించిన ఇటుకలు హిల్లా గోడల్లో కనిపించేవి. అంటే తాహా బాఖిర్ పుట్టి పెరిగిన ఊరే ఒక ప్రాచీన నగరపు ఇటుకలతో లేచిన ఊరు. మన అడవి అంచు పల్లెల్లో సమాధి బండలు ఇంటి గడపలుగా, కాలువ మీద వంతెనలుగా మారినట్లే అక్కడా జరిగింది. ఆ ఇటుక మీద ఏమి రాసి ఉన్నదో చదవాలని ఊరివాళ్ళకు తోచలేదు. చదివే విద్య వారి చేతుల్లో లేదు కూడా.

ఆ విద్య ఎవరి చేతుల్లో ఉన్నది? ప్రాచీన ఇరాఖ్ ప్రజలు తడి మట్టి పలకల మీద రెల్లు పుల్లతో ఒత్తి రాసేవారు. ఆ గుర్తులు మేకుల ఆకారంలో ఉంటాయి గనుక దానిని క్యూనిఫారం లిపి అన్నారు. క్రీస్తు శకం ఆరంభ శతాబ్దాల్లో ఆ లిపిని చదవగలిగేవారు అంతరించిపోయారు. పందొమ్మిదవ శతాబ్దంలో యూరపు పండితులు దానిని తిరిగి చదవడం నేర్చుకున్నారు. అందులో ముఖ్యుడైన హెన్రీ రాలిన్‌సన్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఉద్యోగిగా మన దేశానికి వచ్చిన వాడే. తవ్వకాల్లో దొరికిన పలకలు, శిల్పాలు లండన్‌కు, పారిస్‌కు, బెర్లిన్‌కు తరలిపోయినవి. 1922 నుంచి 1934 వరకు లియోనార్డ్ వూలీ ఊర్ నగరాన్ని తవ్వినప్పుడు కూడా దొరికిన వస్తువులను లండన్, ఫిలడెల్ఫియా, బాగ్దాద్‌ల మధ్య పంచుకున్నారు. ఇరాఖ్ చరిత్ర రాసేవారు బయటివారు, ఆ చరిత్రను దాచుకునేవారు బయటివారు. ఇరాఖీలు తవ్వకాల్లో తట్టలు మోసే కూలీలు.

ఈ పరిస్థితి మారడానికి 1934 ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడు పురావస్తు శాఖకు సాతిఅ అల్-హుస్రీ అనే అరబ్ విద్యావేత్త డైరెక్టరు అయినారు. 1936లో కొత్త చట్టం వచ్చి, విదేశీ బృందాలు వస్తువులు పంచుకుపోయే పద్ధతిని బాగా బిగించింది. అయితే చట్టం ఒక్కటే చాలదు. పలకలు దేశంలోనే నిలిచిపోతే చదివేవారెవరు? అందుకు దేశం తన పిల్లలను చదివించుకోవాలి. ఇరాఖ్ ప్రభుత్వం విద్యార్థి వేతనమిచ్చి అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయానికి పంపిన యువకుల్లో తాహా బాఖిర్ ఒకరు, ఆయన ఆప్తమిత్రుడు ఫుఆద్ సఫర్ ఇంకొకరు. అక్కడి ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్‌లో సుమేరు, అక్కాదు భాషలు, తవ్వకపు పద్ధతులు నేర్చుకొని 1938లో ఇద్దరూ స్వదేశానికి తిరిగి వచ్చినారు. మంచి విద్య నేర్చినవారు పరదేశంలోనే స్థిరపడిపోవడం మన కాలంలో మామూలైంది. ఆ ఇద్దరూ తిరిగి వచ్చి పలుగు, పార పట్టినారు.

తవ్వకాలు – ఎష్నున్నా శాసనం

తాహా బాఖిర్ 1941లో ఇరాఖ్ మ్యూజియం సంరక్షకులైనారు. రెండవ ప్రపంచ యుద్ధం మూలంగా విదేశీ బృందాలు వెళ్ళిపోయిన సమయమది. ఇరాఖీ పండితులు తమంతట తాముగా తవ్వకాలు సాగించినారు. బాగ్దాద్‌కు పడమట అఖర్ ఖూఫ్ అనే చోట ఒక ఎత్తైన మొండి కట్టడం ఉన్నది. పాత యాత్రికులు దానిని బాబిల్ గోపురమని పొరపడేవారు. 1942 నుంచి 1945 వరకు తాహా బాఖిర్ అక్కడ తవ్వించి, అది క్రీ.పూ. పద్నాలుగవ శతాబ్దపు కస్సైట్ రాజు కురిగల్జు కట్టించిన దూర్ కురిగల్జు నగరమని వివరంగా చూపినారు. ఇటుక వరుసల నడుమ రెల్లు చాపలు పరచి కట్టిన ఆ గోపురం మూడు వేల సంవత్సరాలు దాటినా నిలిచి ఉన్నది.

1945లో ఆయన తవ్వకం మొదలుపెట్టిన తెల్ హర్మల్ చూడటానికి చిన్న దిబ్బ. ఇప్పుడు బాగ్దాద్ నగరంలో కలిసిపోయింది. ఎష్నున్నా రాజ్యానికి చెందిన షాదుప్పుం అనే చిన్న పాలనా కేంద్రం అది. ఇటువంటి చోట బంగారు కిరీటాలు దొరకవు. అక్కడ దొరికినవి మూడు వేలకు పైబడిన మట్టి పలకలు. లెక్కలు, ఉత్తరాలు, పదకోశాలు, బడిపిల్లల పాఠాలు. వాటిలో రెండు పలకల మీద ఎష్నున్నా రాజ్యపు శాసనం ఉన్నది. 1948లో ఆల్బ్రెఖ్ట్ గోట్జే దానిని ప్రకటించినారు. అంతవరకు లోకమంతా హమ్మురాబీ శాసనాన్నే గొప్పగా చెప్పుకొనేది. ఇది దానికంటే కొంచెం పాతది.

ఈ శాసనం రాజుగారి పొగడ్తలతో కాక బజారు ధరలతో మొదలవుతుంది. ఒక కొర్, అంటే సుమారు 300 లీటర్ల బార్లీకి ఒక షెకెల్ వెండి. షెకెల్ అంటే ఎనిమిది గ్రాముల పైచిలుకు. తరువాత నూనె, ఉన్ని, ఉప్పు, రాగి ధరలు. బండి కిరాయి, పడవ కిరాయి, కోతకూలీ వేతనం. అప్పు మీద వడ్డీ వెండికి నూటికి ఇరవై, ధాన్యానికి నూటికి ముప్పై మూడు. మన భద్రాచలం ఏజెన్సీలో మిర్చి పంట మీద షావుకారు వేసే నాము వడ్డీ ఎరిగినవారికి ఈ అంకెలు పరాయివిగా తోచవు. నాలుగు వేల ఏండ్ల నాటి రైతు కూడా విత్తనానికి అప్పు చేసి కోతల్లో తీర్చుకొన్నవాడే. వడ్డీని నిషేధించిన ధర్మం ఎటువంటి పాతుకుపోయిన ఆచారాన్ని ఎదుర్కొన్నదో ఈ పలకలు చూస్తే అర్థమవుతుంది.

మరికొన్ని నిబంధనలు చూడండి. ఒకరి ఎద్దు మరొకరి ఎద్దును పొడిచి చంపితే, బతికిన ఎద్దు వెలను, చచ్చిన ఎద్దు విలువను ఇద్దరూ సమంగా పంచుకోవాలి. ఇదే తీర్పు తౌరాత్‌లోనూ ఉన్నది. గోడ కూలేటట్లున్నదని పేట పెద్దలు హెచ్చరించిన తరువాత కూడా యజమాని బాగుచేయకపోతే, ఆ గోడ కూలి మనిషి చచ్చిపోతే, అది ప్రాణానికి సంబంధించిన నేరం. రాజు తీర్పు చెప్పాలి. కన్ను పోగొట్టినందుకు ఒక మీనా వెండి, పన్ను పోగొట్టినందుకు అర మీనా, చెంపదెబ్బకు పది షెకెళ్ళు జరిమానా. కొద్ది కాలం తరువాత వచ్చిన హమ్మురాబీ శాసనం సాటి మనిషి కంటికి కన్నే తీయమన్నది. మనుషులు మొదట ప్రతీకారమే ఎరుగుదురు, పరిహారం తరువాత వచ్చింది అని అంతవరకు చాలామంది చరిత్రకారులు భావించేవారు. హర్మల్ పలకలు ఆ క్రమాన్ని తలకిందులు చేసినవి. ఖిసాస్, దియత్ విషయాలు చదువుకున్న మన విద్యార్థులకు ఈ చర్చ ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల పలకలు

తాహా బాఖిర్ స్వయంగా చదివి ప్రకటించిన పలకల్లో గణితానివి ముఖ్యమైనవి. తెల్ హర్మల్ లెక్కలను ఆయన 1950లో ప్రకటించినారు. బాగ్దాద్‌లోనే తెల్ అద్-దిబాయీ అనే మరొక దిబ్బలో దొరికిన లెక్కలను 1962లో ప్రకటించినారు. దిబాయీ పలకల్లో ఒకటి సుమారు క్రీ.పూ. 1775 నాటిది. అందులోని సమస్య ఇది: ఒక దీర్ఘచతురస్రపు కర్ణం 1.25, దాని వైశాల్యం 0.75, పొడవెంత, వెడల్పెంత? వారు అరవై ప్రాతిపదికగా అంకెలు రాసేవారు. మన సౌకర్యం కోసం దశాంశాల్లో చెప్పుకుందాం.

పలక చెప్పే పద్ధతి ఇలా సాగుతుంది. వైశాల్యాన్ని రెట్టింపు చెయ్యి: 1.5. కర్ణాన్ని దానితోనే గుణించు: 1.5625. రెండోదాంట్లోంచి మొదటిది తీసివెయ్యి: 0.0625. దాని వర్గమూలం 0.25. పొడవు వెడల్పుల తేడా ఇదే. అందులో సగం 0.125. ఆ సగాన్ని దానితోనే గుణించి వైశాల్యానికి కలుపు: 0.765625. దాని వర్గమూలం 0.875. దీనికి ఆ సగం కలిపితే పొడవు 1. తీసివేస్తే వెడల్పు 0.75. చివర సరిచూపు కూడా ఉన్నది: పొడవు వర్గం, వెడల్పు వర్గం కలిపి వర్గమూలం తీస్తే మళ్ళీ 1.25 వస్తుంది. మన బడుల్లో పైథాగరస్ సూత్రమని నేర్పేది ఇదే. పైథాగరస్ ఈ పలక కంటే వెయ్యి సంవత్సరాలకు పైగా తరువాతివాడు.

ఇప్పుడు బాగ్దాద్‌లోనే ఖలీఫా మామూన్ కాలానికి (813–833) వద్దాం. ముహమ్మద్ బిన్ మూసా అల్-ఖ్వారిజ్మీ తన 'అల్-జబ్ర్' గ్రంథంలో ఇచ్చిన ప్రసిద్ధమైన లెక్క ఇది: ఒక సంఖ్య వర్గానికి ఆ సంఖ్య పదిరెట్లు కలిపితే 39 అవుతుంది; ఆ సంఖ్య ఏది? పదిలో సగం 5 తీసుకో, దాని వర్గం 25, దానికి 39 కలిపితే 64, వర్గమూలం 8, అందులోంచి 5 తీసివేస్తే 3. సగం తీసుకోవడం, వర్గం చేయడం, కలపడం, మూలం తీయడం, సగాన్ని తీసివేయడం – పలకలోని చివరి మెట్లూ ఇవే. మధ్య దూరం సుమారు 2,600 సంవత్సరాలు. ఖ్వారిజ్మీ మట్టి పలకలు చదివి రాశాడని ఎవరూ అనరు. కాని ఆ నేల మీద భూమి కొలిచేవారు తరతరాలుగా నోటివాటంగా కాపాడుకొన్న పద్ధతి పండితుల వరకు చేరి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఖ్వారిజ్మీ గొప్పతనం ఇందువల్ల తగ్గదు. చెదురుమదురుగా ఉన్న కిటుకులను ఒక శాస్త్రంగా కూర్చి, ఎందుకు అలా చేయాలో రుజువుతో చూపిన ఘనత ఆయనదే. ప్రాచీన నాగరికతల విజ్ఞానాన్ని, అరబ్ ఇస్లామీ విజ్ఞానాన్ని ఒకే దారిలో చూపుతూ తాహా బాఖిర్ 1980లో ఒక సంగ్రహ గ్రంథం కూడా ప్రకటించినారు.

మాటల ప్రయాణం

అదే 1980లో ఆయన ప్రకటించిన మరొక పుస్తకం అరబీ భాషలో 'దఖీల్', అంటే బయటినుంచి వచ్చి చేరినవి, అని పాత నిఘంటుకారులు పక్కన పెట్టిన మాటలను గురించినది. వాటిలో అనేకం పారసీకమో మరొకటో అని పాతవారు అనుకొన్నారు. నిజానికి అవి ఇరాఖ్ నేల మీదనే అక్కాదు, సుమేరు భాషల్లో పుట్టి, అరమాయిక్ ద్వారా అరబీకి చేరినవి అని తాహా బాఖిర్ వివరించినారు.

ఈ కోవకు చెందిన మాటలు కొన్ని చూద్దాం. సుమేరు భాషలో 'ఎ-గల్' అంటే పెద్ద ఇల్లు. అది అక్కాదులో 'ఎకల్లు' అయి, చివరకు అరబీలో 'హైకల్' అయింది. పడవ నడిపేవాడు అక్కాదులో 'మలాహు', అరబీలో, ఉర్దూలో 'మల్లాహ్'. రొట్టె కాల్చే పొయ్యి అక్కాదులో 'తినూరు', అరబీలో 'తన్నూర్'. హజ్రత్ నూహ్ (అ) గాథలో ఖుర్‌ఆన్ ఈ తన్నూర్ పొంగడాన్ని పేర్కొన్నది. అదే మాట 'తందూర్' అయి ఖమ్మం హోటళ్ళ బోర్డుల మీదికి చేరింది. ఇక ఒకరి మాటను మరొకరికి చెప్పేవాడు అక్కాదులో 'తర్గుమన్ను', అరబీలో 'తర్జుమాన్'. మనం తెలుగులో దినమూ వాడే 'తర్జుమా' దాని సంతానమే. భద్రాచలం సంతలో కోయ మాటను వర్తకుడికి తెలుగులో తర్జుమా చేసి చెప్పే మనిషి తన పనికి నాలుగు వేల సంవత్సరాల పేరు పెట్టుకొని ఉన్నాడన్నమాట.

గిల్‌గమేష్ కావ్యం

తాహా బాఖిర్‌కు అరబ్ ప్రపంచమంతటా పేరు తెచ్చినది గిల్‌గమేష్ కావ్యానికి ఆయన చేసిన అరబీ అనువాదం. అది 1962లో పుస్తకంగా వచ్చి, అనేక ముద్రణలు పొందింది. ఉరుక్ నగరపు రాజు గిల్‌గమేష్ తన మిత్రుడు ఎంకిదు మరణంతో చలించిపోయి, చావు లేని బ్రతుకును వెదుకుతూ లోకం చివరివరకు వెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చిన కథ అది. ఆ కావ్యపు పదకొండవ పలకలో మహా జలప్రళయ గాథ ఉన్నది. 1872లో జార్జ్ స్మిత్ లండన్‌లో దానిని చదివి వినిపించినప్పుడు యూరపులో పెద్ద కలకలం రేగింది. మత గ్రంథాలన్నీ ఈ పలకలను చూసి రాసుకొన్నవేనని కొందరు, కాదు ఈ పలకలే గ్రంథాల సత్యానికి సాక్ష్యమని కొందరు వాదులాడుకున్నారు.

ఈ విషయంలో మనం తొందరపడకూడదు. పలకలో ఒక ఓడ, ఒక వరద, విడిచిన పక్షులు, కొండ మీద నిలిచిన ఓడ ఉన్నవి. కాని వరద ఎందుకు వచ్చిందో ఆ పలక స్పష్టంగా చెప్పదు. అదే గాథను చెప్పే మరొక కావ్యంలో మనుషుల గోల వల్ల దేవతకు నిద్ర పట్టక వరద పంపినట్లు ఉన్నది. ఖుర్‌ఆన్‌లో అది ఒక జాతి అన్యాయానికీ, ఒక ప్రవక్త దీర్ఘ సహనానికీ సంబంధించిన వృత్తాంతం. పోలికలు చెప్పి తేడాలు దాచడం ఎంత తప్పో, తేడాలు చెప్పి పోలికలు దాచడమూ అంతే తప్పు. రెండూ చూడాలంటే ముందు ఆ పలక మన భాషలో మనకు అందాలి. తాహా బాఖిర్ చేసిన సేవ ఇదే. అంతవరకు అరబ్బులు తమ నేల మీది కావ్యాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి పుస్తకాల్లో చదువుకోవలసి వచ్చేది.

1945లో మొదలైన 'సూమర్' పరిశోధన పత్రికను నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. 'ప్రాచీన నాగరికతల చరిత్రకు పీఠిక' అనే ఆయన గ్రంథం రెండు తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. బాగ్దాద్‌లో పురావస్తు విద్యా విభాగం 1951లో ఏర్పడినప్పుడు అందులో బోధించినారు. ఫుఆద్ సఫర్‌తో కలిసి, సామాన్యులు చేతబట్టుకొని వెళ్ళి చూడగలిగే విధంగా దేశంలోని ప్రాచీన స్థలాలకు దారిచూపే చిన్న పుస్తకాలు రాసినారు. పండితుల కోసం రాసినవాటికంటే ఈ చిన్న పుస్తకాలే ఆయన మనసును ఎక్కువగా తెలుపుతాయి.

కష్టకాలం

1958లో ఆయన పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్ అయినారు. 1963 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటు జరిగి ప్రభుత్వం మారింది. ఆయన పదవి పోయింది. స్వదేశం విడిచి లిబియా వెళ్ళి కొన్ని సంవత్సరాలు అక్కడ బోధించినారు. 1970 ప్రాంతంలో తిరిగి బాగ్దాద్ విశ్వవిద్యాలయానికి వచ్చినారు. 1978లో ఫుఆద్ సఫర్ మరణించినారు. హమ్రీన్ ఆనకట్ట కింద మునిగిపోనున్న దిబ్బలను నీరు రాకముందే తవ్వి రికార్డు చేసే పని జరుగుతున్నప్పుడు, అక్కడికి వెళ్ళే దారిలో మోటారు ప్రమాదంలో ఆయన ప్రాణం పోయింది. తాహా బాఖిర్ 1984లో మరణించినారు.

ఆయన మరణానంతరం జరిగినది మరింత బాధాకరం. 2003 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం బాగ్దాద్ ప్రవేశించినప్పుడు, ఆయన అనేక సంవత్సరాలు కాపాడిన ఇరాఖ్ మ్యూజియంను దోచుకున్నారు. సుమారు పదిహేను వేల వస్తువులు పోయినవి. దక్షిణాది దిబ్బల మీద దొంగ తవ్వకాలతో వేల గోతులు పడినవి. గిల్‌గమేష్ గాథలో ఒక భాగం ఉన్న పలక ఒకటి దొంగ వ్యాపారుల చేతులు మారి అమెరికా చేరింది. 2021లో ఆ ప్రభుత్వం దానిని ఇరాఖ్‌కు తిరిగి అప్పగించింది. పలక తిరిగి వచ్చింది గాని, అది ఏ దిబ్బలో, ఏ ఇంట్లో, ఏ వస్తువుల పక్కన ఉండేదో ఇక తెలియదు. చోటు తెలియని వస్తువు సగం మూగది. జానంపేటలో పక్కకు తోసిన బండ కింద జరిగిన నష్టమూ ఇదే.

మనకు ఏమి పాఠం?

"అజ్ఞాన కాలపు రాళ్ళతో మనకేం పని?" అన్న ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. భూమి మీద సంచరించి, పూర్వ జాతుల పర్యవసానం ఏమైనదో చూడమని ఖుర్‌ఆన్ ఒకటికి పలుమార్లు చెప్పింది. చూడటానికి ఆనవాళ్ళు మిగలకపోతే ఆ ఆదేశాన్ని పాటించడం ఎట్లా? పూర్వ ముస్లిం విద్వాంసులు ఇతర జాతుల చరిత్రను దూరం పెట్టలేదు. అల్-బీరూనీ బాబిల్ రాజుల జాబితాలు తన గ్రంథంలో చేర్చినాడు. సంస్కృతం నేర్చి మన దేశాన్ని గురించి రాసినాడు. ఆ రాజుల మతాన్ని ఆయన ఒప్పుకోలేదు. అయినా వారిని గురించి తెలిసినది దాచలేదు.

మన హైదరాబాదు సంస్థానంలోనూ ఇటువంటివారు ఉండేవారు. 1914లో సంస్థానపు పురావస్తు శాఖ ఏర్పడినప్పుడు మౌల్వీ గులాం యజ్దానీ (1885–1962) దానికి డైరెక్టరు అయినారు. ముస్లిం శాసనాల సంకలనానికి సంపాదకులుగా పనిచేసిన ఆయనే, అజంతా బౌద్ధ గుహల చిత్రాల మీద 1930 నుంచి 1955 వరకు నాలుగు సంపుటాలు ప్రకటించినారు. మన అడవికి పొరుగున ఉన్న పాలంపేట రామప్ప గుడి మీద 1922లోనే గ్రంథం రాసినారు. 2021లో ఆ గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు అందరూ సంతోషించినారు. వంద ఏండ్ల క్రితమే దానిని శ్రద్ధగా వర్ణించిన ఒక ముస్లిం విద్వాంసుడిని తలుచుకొన్నవారు కొద్దిమందే.

తాహా బాఖిర్, యజ్దానీ ఇద్దరూ తమ విశ్వాసాన్ని వదులుకొని ఈ పని చేయలేదు. మనం ఏ నేల మీద నివసిస్తున్నామో ఆ నేల మన చేతిలో ఉన్న అమానత్. అప్పగించిన సొమ్ము మన మతస్థుడిదా కాదా అని చూసి అమానత్‌ను కాపాడము. చనిపోయినవారి సమాధిని తవ్వి దోచుకోవడం ఏ కాలపు సమాధి అయినా అన్యాయమే.

ఈ విషయంలో మన ప్రాంతానికి సమయం ఎక్కువ లేదు. 2014లో భద్రాచలం చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు మారినవి పోలవరం ముంపు కారణంగానే. ఆ ముంపు ప్రాంతంలోని రుద్రమకోట దగ్గర కూడా ఇటువంటి ప్రాచీన సమాధులు బయటపడినవి. ఫుఆద్ సఫర్ హమ్రీన్‌లో ఏ తొందరతో పనిచేశారో ఆ తొందర ఇక్కడా అవసరం. మన చేతిలో ఉన్న పనులు పెద్దవేమీ కావు. మన్యపు ఊళ్ళలో పనిచేసే ఉపాధ్యాయులు తమ చుట్టుపక్కల ఉన్న సమాధులను లెక్కించి, ఫొటోతో, ఊరి పేరుతో రాసిపెట్టవచ్చును. కోయ పెద్దలు ఆ రాళ్ళను గురించి చెప్పే మాటలను అదే పుస్తకంలో రాయవచ్చును. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల పాత వస్తువును గురించి కలెక్టరుకు తెలుపవలసిందేనని 1878 నాటి చట్టం చెబుతున్నదని మసీదు అరుగు మీద నలుగురికి తెలియజేయవచ్చును. మదరసాల్లో అరబీ బాగా నేర్చుకొన్న యువకులు తాహా బాఖిర్ పుస్తకాలను తెలుగులోకి తర్జుమా చేయడానికి పూనుకోవచ్చును.

హిల్లా ఊరివాళ్ళు ఎనిమిది వందల ఏండ్ల పాటు బాబిల్ ఇటుకలతో గోడలు కట్టుకొన్నారు. ఆ ఊరి పిల్లవాడొకడు ఆ ఇటుక మీది రాత చదవడం నేర్చుకొన్నాడు. మన అడవి రాళ్ళ మీద రాత లేదు. అందుచేత వాటిని కదిలించకుండా చూడటమే వాటిని చదవడానికి మొదటి మెట్టు. ఆ కప్పు బండ పక్కకు తోసి ఉన్న సమాధి దగ్గర మన సోదరునికి నేను చెప్పవలసిన జవాబు ఇదే.